చెయ్యి కోలుకుంటున్నట్టే ఉంది, నా టెన్షన్ అంతా కాళ్ల వాపు గురించే!

ప్రశ్న: నా వయసు 48. టైలరింగ్ చేస్తాను. మూడేళ్లు తిమ్మిర్లతో బాధపడి, 8 వారాల కిందట కుడి చేతికి కార్పల్ టనెల్ (మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ చేయించుకున్నాను. రాత్రిళ్లు తిమ్మిర్లు పోయాయి. కానీ అరచేతి మొదట్లో నొక్కితే ప్రాణం పోతోంది. కత్తెర పట్టలేకపోతున్నాను. వేళ్ల చివర్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్లలు రోజుకు రెండు వేసుకుంటున్నాను. షుగర్, బీపీ మందులు కూడా వాడతాను. ఈమధ్య పాదాలు కొద్దిగా వాస్తున్నాయి. ఆపరేషన్ ఫెయిలయినట్టేనా? మళ్లీ చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, పాదాలు వాస్తున్నాయని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు కంగారు పుట్టించింది ఆ ముక్కే. చెయ్యి సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ నొప్పి బిళ్లలు ఈరోజే ఆపేయండి.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి. దాంతో కాళ్లు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలు అప్పటికే కొంత దెబ్బతిని ఉండొచ్చు. కొన్ని రకాల బీపీ మందులతో ఈ బిళ్లలు కలిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మీ విషయంలో అదే జరిగిందని నేను చూడకుండా చెప్పలేను. ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మందుతోనూ పాదాలు వాస్తాయి. గుండె, థైరాయిడ్ కూడా చూడాలి. అందుకే ఒకటి రెండు రోజుల్లో మీ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి బీపీ చూపించుకోండి. కిడ్నీల కోసం సీరం క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్, షుగర్ అదుపు తెలిపే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్షల గురించి అడగండి. ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ, షుగర్ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

నిన్న ఓపీలో ఒకావిడ పర్సులోంచి నాలుగు బిళ్లల ముక్క తీసి చూపించారు. పేరున్న వైపు షాపులోనే ఉండిపోయింది. ఏం మందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియలేదు. చీటీ లేకుండా ఇలా కత్తిరించి ఇచ్చే బిళ్లలు వారాల తరబడి మింగడం నేను రోజూ చూస్తున్నాను. తగ్గింది నొప్పే కదా అనుకుంటారు. లోపల ఏం పాడవుతోందో రక్తపరీక్ష చేస్తే గానీ బయటపడదు.

ఇక చెయ్యి. ఈ ఆపరేషన్ తర్వాత కోలుకోవడాన్ని పేషెంటు మాటల్లోనే కొలిచే ప్రశ్నావళి ఒకటి ఉంది. 1993లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు తయారుచేశారు. బాధల గురించి 11 ప్రశ్నలు, పనుల గురించి 8. ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, 1 అంటే ఇబ్బంది లేనట్టు. రాత్రి నొప్పి, తిమ్మిరి దగ్గర మొదలై గుండీలు పెట్టుకోవడం, సీసా మూత తీయడం, సరుకుల సంచి మోయడం దాకా అడుగుతారు. రాత్రి తిమ్మిర్లు పోయాయని మీరే రాశారు. నరం మీద ఒత్తిడి తగ్గిందనడానికి అది మంచి గుర్తు. 8 వారాలకే ఫెయిల్ అనుకోవద్దు.

మణికట్టు దగ్గర నరాన్ని నొక్కుతున్న గట్టి పట్టీని ఆపరేషన్‌లో కోస్తారు. అది అతుక్కునేదాకా కోతకు అటూ ఇటూ నొప్పి ఉంటుంది. దీన్ని పిల్లర్ పెయిన్ అంటాం. చాలామందిలో 3 నుంచి 6 నెలల్లో తగ్గుతుంది. పట్టు రావడానికీ సుమారు 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. బరువైన టైలరింగ్ కత్తెర తెరిచి మూసేటప్పుడు ఒత్తిడి పడేది బొటనవేలి మొదలు మీదే. కొన్నాళ్లు కటింగ్ ఇంకొకరికి అప్పగించి, మీరు హుక్కులు, చేతికుట్లతో మొదలుపెట్టండి. మచ్చ పూర్తిగా మానితే కొబ్బరినూనె రాసి వేలితో మెల్లగా మర్దన చేసుకోవచ్చు. వేడి కాపడం వద్దు. మొద్దుబారిన వేళ్లకు చర్మం కాలినా తెలియదు. నొప్పికి ఏం వాడాలో ఫిజీషియన్‌నే అడగండి.

మొద్దుబారడం గురించి మాత్రం మీకు పూర్తి భరోసా ఇవ్వలేను. మూడేళ్లు ఎందుకు ఆగారమ్మా? నరం లోపలి పోగులు దెబ్బతింటే తిరిగి పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. నెలలు పడుతుంది. షుగర్ అదుపులో లేకపోతే ఇంకా ఆలస్యం, కొంత మిగిలిపోవచ్చు కూడా. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. కుడి బొటనవేలి కింద కండ చదునుగా కనిపిస్తే సర్జన్‌కు చెప్పండి.

మళ్లీ ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. రాత్రి తిమ్మిర్లు తిరిగొస్తే పాత నరాల పరీక్ష రిపోర్టుతో సర్జన్ దగ్గరికి వెళ్లండి. చిటికెన వేలు కూడా మొద్దుబారుతుంటే అది వేరే నరం సంగతి, మెడ కూడా చూడాల్సి రావచ్చు. కోత దగ్గర ఎరుపు, చీము, జ్వరం ఉన్నా, చెయ్యంతా వాచి మంటపుడుతూ రంగు మారినా ఆగకుండా చూపించుకోవాలి.

ఫిజీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వేసుకుంటున్న ఆ బిళ్లల స్ట్రిప్పు, బీపీ మందుల చీటీ రెండూ వెంట పట్టుకెళ్లండి. పేరు కనిపించకపోతే ముందు షాపుకు వెళ్లి రాయించుకోండి.