కరువుకు ఎండుతున్న స్ప్రూస్ తోపును ఇప్పుడు పలచన చేస్తే నిలబడుతుందా?

మీ స్ప్రూస్ (చలి దేశాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకుల చెట్టు) తోపు వయసు ముప్పై ఏళ్లు, ఒక్కసారీ పలచన చేయలేదు, అంటే మిగతావాటికి చోటిచ్చేలా కొన్ని చెట్లు తీయలేదు, వరసగా రెండు వేసవులు వానల్లేక అక్కడక్కడా చెట్లు ఎర్రబడ్డాయి. సగం చెట్లు కొట్టేస్తే మిగతావి బతుకుతాయా అని అడిగారు. సగం మాత్రం కొట్టకండి. ఎంత కొట్టాలో బతికున్న చెట్ల తలలు చూసి తేల్చుకోవాలి, చచ్చినవాటిని లెక్కపెట్టి కాదు.

తల అంటే పచ్చని సూదులున్న పైభాగం. చెట్టు 20 మీటర్ల ఎత్తుండి, పై 8 మీటర్లు పచ్చగా ఉంటే తల 40 శాతం. అలాంటి చెట్టుకు చోటు దొరికితే పుంజుకుంటుంది. 30 శాతం కన్నా తగ్గినవి బాగా నెమ్మదిగా తేరుకుంటాయి. 20 శాతం దగ్గరికి వచ్చినవాటికి వెలుతురు ఇచ్చినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. చాలా వెడల్పాకు చెట్లు పాత మాను మీద కూడా చిగురు వేస్తాయి. స్ప్రూస్, పైన్ అలా కాదు, నీడకు ఎండిపోయిన కింది కొమ్మ మళ్లీ రాదు. తల పొడవు పెరగాలంటే చెట్టు పైకి ఎదగాల్సిందే, దానికి ఏళ్లు పడుతుంది. పలచన ఆలస్యమైన తోపుల్లో అసలు నష్టం ఇదే.

తల చూశాక కొమ్మ కూడా చూడండి. ఆరోగ్యంగా ఉన్న స్ప్రూస్ ఐదు నుంచి ఏడేళ్ల సూదులను నిలుపుకుంటుంది. కొమ్మ చివర నుంచి వెనక్కి, ఏడాదికి ఒక కణుపు చొప్పున లెక్కపెట్టుకుంటూ రండి. మూడేళ్ల సూదులే మిగిలాయంటే, పైకి పచ్చగా కనిపిస్తున్నా ఆ చెట్టు కష్టంలో ఉన్నట్టే. లోపలి పాత సూదులు మాత్రమే పసుపెక్కి రాలుతుంటే అది మామూలే.

ఇక కొలత. 11.28 మీటర్ల తాడుతో వృత్తం తీస్తే 400 చదరపు మీటర్లు వస్తుంది. వాలు నేల అయితే తాడును నేల వెంట పరచకుండా అడ్డంగా, సమంగా పట్టుకోవాలి. వృత్తంలోని ప్రతి చెట్టు వ్యాసాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కొలవండి. వ్యాసాన్ని మీటర్లలోకి మార్చి, దాని వర్గాన్ని 0.785తో గుణిస్తే ఆ చెట్టు మాను అడ్డుకోత వైశాల్యం. 20 సెంటీమీటర్ల చెట్టుకు అది 0.0314 చదరపు మీటర్లు. వృత్తంలో అలాంటివి 50 ఉంటే 1.57, దాన్ని 25తో గుణిస్తే హెక్టారుకు సుమారు 39 చదరపు మీటర్లు. ఇలాంటి వృత్తాలు కనీసం ఐదారు చోట్ల తీయాలి, ఒక్కచోట కొలిచి నిర్ణయం తీసుకోకండి.

మొదటి విడతలో ఈ వైశాల్యంలో పావు వంతు తీయండి. ఎట్టి పరిస్థితిలోనూ మూడో వంతు దాటకూడదు. రెండో విడత ఐదారేళ్ల తర్వాత. ఎందుకింత జాగ్రత్త అంటే, చెట్టు ఎత్తును వ్యాసంతో, రెండూ మీటర్లలోనే తీసుకుని, భాగించి చూడండి. 20 మీటర్ల చెట్టుకు 20 సెంటీమీటర్ల మాను ఉంటే 100 వస్తుంది. 80 లోపు ఉన్నది తన కాళ్ల మీద నిలబడుతుంది, 100 దాటినది పక్క చెట్ల ఆసరాతో నిలబడి ఉన్నట్టు. ఆసరా ఒక్కసారిగా తీసేస్తే మొదటి పెద్ద గాలికో, తడి మంచుకో కూలుతుంది. మాను లావెక్కి వేరు పట్టు కుదిరేదాకా, అంటే మొదటి మూడు నుంచి ఐదేళ్లు గండమే. గాలి వచ్చే వైపు అంచున 15–20 మీటర్ల పట్టీని ముట్టుకోకుండా వదలండి.

ఏ చెట్టు తీయాలన్నది ఎన్ని తీయాలన్నదానికంటే ముఖ్యం. కింద నలిగిపోయిన బక్క చెట్లు మాత్రమే తీస్తే పని సులువు, ఫలితం సున్నా. పై పందిరి తెరుచుకోదు. దట్టమైన స్ప్రూస్ పందిరి మీద పడిన వానలో పావు వంతు నుంచి మూడో వంతు నేల తాకకుండానే ఆవిరైపోతుంది. నేలకు నీరు చేరాలంటే పందిరిలో సందు కావాలి. కాబట్టి ఐదారు మీటర్లకొక మంచి తల ఉన్న చెట్టును ఎంచి రంగు గుర్తు పెట్టి, దాని తలను ఒరుసుకుంటున్న ఒకటి రెండు బలమైన పోటీ చెట్లను తీయండి.

కోతకు చలికాలమే మేలు. నడి కరువులో పందిరి తెరిస్తే నీడకు అలవాటుపడ్డ సూదులు మాడతాయి, స్ప్రూస్ పలుచని బెరడు ఎండకు పగులుతుంది. ఇంకో కారణం హెటెరోబాసిడియాన్ అనే వేరుకుళ్లు శిలీంధ్రం. దాని బీజాలు తాజాగా నరికిన మోడు మీద పడి, వేర్లు తాకే చోటల్లా పక్క చెట్టుకు పాకుతాయి. 5 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు బీజాలు గాలిలో చాలా తక్కువ. వెచ్చని కాలంలో కోయక తప్పకపోతే, కోసిన వెంటనే మోడుకు యూరియా ద్రావణమో, మీ దేశంలో అనుమతి ఉంటే ఫ్లెబియాప్సిస్ అనే మేలు శిలీంధ్రమో పూయాలి. పై ముఖమంతా తడవాలి. పూత అందని చిన్న చోటు చాలు, రోగం అక్కడి నుంచే దిగుతుంది.

ఇప్పుడు ఎర్రబడిన చెట్ల సంగతి. ఇది అందరూ తలకిందులుగా చేసే పని. కరువులో చెట్టు నీరు కాపాడుకోవడానికి సూదుల రంధ్రాలు మూసేస్తుంది, ఆహారం తగ్గుతుంది, రెజిన్ (చెట్టు జిగురు) ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఎనిమిది పళ్ల స్ప్రూస్ బెరడు పురుగు లోపలికి దూరుతుంది. 2018 నుంచి 2020 దాకా జర్మనీ, చెక్ దేశాల స్ప్రూస్ అడవులను పెద్ద ఎత్తున దెబ్బతీసింది ఈ కలయికే. వసంతంలో ఎండ 16–17 డిగ్రీలు దాటగానే పురుగు ఎగురుతుంది, గుడ్డు నుంచి పెద్ద పురుగయ్యేందుకు ఆరు నుంచి పది వారాలు, వెచ్చని ఏడాదిలో రెండు మూడు తరాలు. తల ఎర్రబడేసరికి చాలాసార్లు పురుగు వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ముందు వెతకాల్సింది ఎర్ర చెట్టులో కాదు, దాని చుట్టూ ఉన్న పచ్చని చెట్లలో. వారానికోసారి మాను మొదట్లో, బెరడు పెచ్చుల మీద, సాలెగూళ్లలో కాఫీ పొడిలాంటి గోధుమరంగు పొట్టు ఉందేమో చూడండి. కనిపిస్తే ఆ చెట్టు కొట్టి, పురుగు బయటికి వచ్చేలోపు దుంగలు అడవి దాటించాలి. బెరడు ఒలవడం కూడా పనిచేస్తుంది, కానీ లోపల తెల్లని పిల్లపురుగులు ఉన్నప్పుడే. గోధుమరంగు పెద్ద పురుగులు తయారయ్యాక ఒలిస్తే మీరే వాటిని ఎగరేసినట్టు. గాలికి కూలిన పచ్చి స్ప్రూస్ మానులనూ వదలకండి, పురుగు మొదట పెరిగేది వాటిలోనే. పురుగు ఖాళీ చేసిన పాత ఎండు చెట్లు దారి మీద పడే ప్రమాదం లేకపోతే ఉండనివ్వండి. పురుగును తినే జీవులు వాటిలో ఉంటాయి.

ఐదారు వృత్తాలు కొలిచాక ఎక్కువ చెట్లకు తల 25 శాతం కూడా లేదని తేలితే పలచన మీద శ్రమ పెట్టకండి. అలాంటి తోపులో చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల వెడల్పున చిన్న ఖాళీలు తీసి, సిల్వర్ ఫర్, బీచ్ లాంటి నీడకు ఓర్చే జాతులు నాటడం మొదలుపెట్టండి. ముందు గాలి వాటం చూసి, గాలి దిగిపోయే వైపు నుంచి గాలికి ఎదురుగా నడుస్తూ ఖాళీలు తీయాలి.