గర్భస్రావాన్ని వ్యతిరేకించే అమెరికా క్రైస్తవుల మధ్య తగాదా దేని మీద?

గర్భస్రావం తప్పనే విషయంలో వాళ్లకు తేడా లేదు. దాన్ని దశలవారీగా ఆపాలా, ఒకేసారి రద్దు చేయాలా, శిక్ష స్త్రీకీ పడాలా అన్నదే తగాదా.

ప్రధాన ప్రో-లైఫ్ (గర్భస్రావ వ్యతిరేక) సంస్థలది దశలవారీ దారి: ముందు ఇన్ని వారాల గర్భం దాటితే కుదరదనే పరిమితి, మైనర్లకు తల్లిదండ్రుల అనుమతి, ఆపై నిషేధం. శిక్ష డాక్టరుకే తప్ప స్త్రీకి కాదు, ఆమెనూ బాధితురాలిగానే చూస్తారు. ఒకేసారి పూర్తిగా రద్దు చేయాలనే ‘అబాలిషనిస్టులు’ దీనికి ఒప్పుకోరు. కడుపులో ఉన్నది మనిషే అయితే హత్య చట్టం అందరికీ ఒకేలా వర్తించాలంటారు. ‘15 వారాల తర్వాత నిషేధం’ అంటే అంతకుముందు చంపడానికి అనుమతి ఇచ్చినట్టేనన్నది వాళ్ల వాదన. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

2022 మేలో లూసియానా రాష్ట్రంలో వచ్చిన హెచ్‌బీ 813 బిల్లు స్త్రీపైనా హత్య కేసు పెట్టే వీలు కల్పించింది. శాసనసభ కమిటీలో 7-2తో గట్టెక్కింది. నేషనల్ రైట్ టు లైఫ్ తదితర ప్రో-లైఫ్ సంస్థలే స్త్రీలను శిక్షించొద్దని బహిరంగ లేఖ రాశాయి. సభ 65-26తో ఆ భాగాన్ని మార్చేసింది. దాంతో ప్రతిపాదించిన సభ్యుడే బిల్లును వెనక్కి తీసుకున్నారు.

ఇది క్యాథలిక్, ప్రొటెస్టెంట్ గొడవని చాలామంది అనుకుంటారు. కాదు, ఒకే సంఘంలోనూ చీలిక ఉంది. 2021లో సదరన్ బాప్టిస్టుల (ఒక పెద్ద ప్రొటెస్టెంట్ సంఘం) మహాసభ తక్షణ రద్దు కోరుతూ తీర్మానించింది. మరుసటి ఏడాది వాళ్ల నైతిక వ్యవహారాల కమిషన్ తాత్కాలిక అధ్యక్షుడే స్త్రీలను శిక్షించొద్దన్న ఆ లేఖపై సంతకం చేశారు.