పులుసు చట్టి చేత మాట్లాడించడం ఎలా?

లఘుచిత్రాల్లో ఇల్లు, ఇంటి సామాను: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న (కావలి): అమ్మ పోయాక ఇంట్లో వెలితి గురించి 12 నిమిషాల సినిమా తీశాం. అమ్మకు గుర్తుగా చేపల పులుసు చట్టి పెట్టుకున్నాం. చివర్లో ఖాళీ చట్టిని క్లోజప్‌లో చూపిస్తే, చూసినవాళ్లు "అదెందుకు?" అంటున్నారు. ఏం తప్పు చేశాం?

జవాబు: చట్టిని చూస్తే మీకు అమ్మ గుర్తొస్తుంది. చూసేవాళ్లకు మట్టిపాత్రే కనబడుతుంది, ఎందుకంటే అంతకుముందు దానితో అమ్మ ఏం చేసేదో వాళ్లు చూడలేదు. మొదటి రెండు నిమిషాల్లోనే చట్టిని పనిలో చూపండి. పులుసు ఉడికేటప్పుడు అమ్మ గరిటె పెట్టదు. గుడ్డతో రెండంచులూ పట్టుకుని చట్టినే గుండ్రంగా కుదుపుతుంది. గరిటె తగిలితే ముక్క చిదిరిపోతుంది మరి. దాని గురించి ఒక్క డైలాగు కూడా వద్దు. తర్వాత ఇంకోసారి: పులుసు మర్నాటికే రుచి కాబట్టి, రేపు రాబోయే కొడుకు కోసం అమ్మ రెండు ముక్కలు విడిగా తీసి మూత పెడుతుంది. మూడోసారి వండేది కూతురు. గరిటె పెట్టి తిప్పుతుంది, ముక్క విరుగుతుంది. అక్కడ కట్ చేయండి. ఖాళీ చట్టి అవసరమే రాదు.

సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' (1955)లో దుర్గ పూసల దండ దొంగిలించిందని మొదట్లో గొడవవుతుంది. ఆమె పోయాక ఆ దండ తమ్ముడు అపూ కంటబడుతుంది. వాడు దాన్ని చెరువులోకి విసిరేస్తాడు, విడిపోయిన నాచు మళ్లీ మూసుకుంటుంది. ముందు ఆ గొడవ చూడకపోతే మనకు అది వట్టి దండే.

ఇక పని సంగతి. కొత్త చట్టి ఎర్రగా కొట్టొచ్చినట్టుంటుంది, అమ్మ వాడిందంటే ఎవరూ నమ్మరు. అడుగు మసిబారిన పాతదే తెచ్చుకోండి. కొత్తదే గతి అయితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, నూనె రాసి సన్నని సెగ మీద కాచండి. లేకపోతే షూటింగు నాడే పగులుతుంది. ఒకే రకంవి రెండు ఉంచుకోండి. టేకు టేకుకూ పులుసు మట్టం తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే చోటు నుంచి ఫోన్‌తో ఫొటో తీసి పోల్చుకోండి. విరిగిన ముక్క మళ్లీ అతకదు, ఆరు టేకులంటే ఆరు ముక్కలు ఉడికించాల్సిందే. ఆవిరి కనబడాలంటే లైటు చట్టి వెనకనుంచి రావాలి, వెనక గోడ చీకటిగా ఉండాలి. తెల్ల టైల్స్ ముందు ఎంత పొగలు కక్కినా కెమెరాకు చిక్కదు.

ప్రశ్న (ఒంగోలు): అన్నదమ్ముల పంపకాల గొడవను హాల్లో సోఫాల మీద తీస్తే అచ్చం సీరియల్లా వచ్చింది.

జవాబు: వాళ్లను సోఫాల్లోంచి లేపి గడప దగ్గరికి తీసుకురండి. అన్న గడప లోపల, తమ్ముడు వసారాలో. "లోపలికి రా" అని అన్న అనడు. తమ్ముడు చెప్పులు విడవడు. మన ఇళ్లలో చెప్పులు విడవకుండా వాకిట్లో నిలబడి మాట్లాడేవాడు ఇంటివాడు కాదని ఎవరికైనా తెలుసు, ఆ సంగతి విడిగా చెప్పించనక్కర్లేదు. కెమెరాను నేలకు రెండడుగుల ఎత్తులో, గడపకు పక్కవాటుగా పెట్టండి. గడప, చెప్పులు, ఇద్దరి పాదాలు ఒకే ఫ్రేములో పడతాయి. ఇద్దరి మధ్య ఊహాగీత గీసుకుని దానికి ఒకే పక్క ఉండండి. దాటితే ఎవరు లోపలో ఎవరు బయటో తారుమారవుతుంది. మధ్యాహ్నం వద్దు. బయటి ఎండకూ లోపలి నీడకూ కెమెరా సర్దుకోలేదు, ఒకరి మొహం నల్లబడుతుంది. పొద్దున ఎనిమిదిలోపు మేలు.

ఇంకో చిక్కు: నల్ల గ్రానైటు పరిచిన కొత్త ఇల్లయితే గడప వేలెడు ఎత్తు కూడా ఉండదు, పైగా నున్నటి రాయిలో లైటూ కెమెరామనిషీ కూడా కనబడతారు. నల్ల గ్రానైటు గనులున్న చీమకుర్తి పక్కనే కాబట్టి మీ వైపు ఇది మామూలే! చెక్క గడప, దాని మీద పసుపు కుంకుమ ఉన్న పాత ఇల్లు వెతుక్కోండి.

ప్రశ్న (ఉదయగిరి): తాత చనిపోయినప్పుడు గోడ గడియారం ఆగినట్టు చూపవచ్చా?

జవాబు: వద్దు. దీపం ఆరడం, కుంకుమ భరిణె దొర్లడం, గడియారం ఆగడం... ఎప్పుడో అరిగిపోయాయి. చెక్క గరిటెలకు పేరున్న ఊళ్లో ఉంటూ గడియారమెందుకండీ? ఏళ్ల తరబడి ఒకవైపే గీకి అంచు అరిగిన గరిటె ఒక్కటి చాలు. సీన్లో గడియారం ఎలాగూ ఉంటే బ్యాటరీ తీసి ముల్లు ఒక చోట నిలపండి, లేదంటే ఒక్క మాటకూ దాని జవాబుకూ మధ్య గంట గడిచినట్టు కనబడుతుంది. టిక్ టిక్ శబ్దం విడిగా రికార్డు చేసుకోండి.

ప్రశ్న (కందుకూరు): రాత్రి సీన్లలో ట్యూబ్‌లైటు కింద నల్ల చారలు పాకుతున్నాయి.

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్, కెమెరా షట్టర్ వేగం దానికి కుదరకపోతే చారలు పడతాయి. ఫోన్‌లో మాన్యువల్‌గా సెట్ చేసే యాప్ పెట్టుకుని సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను ఉంచండి. అయినా పోకపోతే 1/100 చూడండి. అప్పటికీ చారలుంటే బల్బు నాసిరకం, మార్చేయండి.