వెదురును చెట్ల జాబితా నుంచి తీసేస్తే త్రిపురలోని అగరుబత్తి పుల్లల పరిశ్రమకు ఏం ఒరిగింది?

వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి. 1927 నాటి భారత అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్టుగా లెక్కగట్టింది. దాంతో సొంత పొలంలో పెంచిన బొంగులను నరికి బజారుకు తోలాలన్నా రైతు అటవీశాఖ అనుమతుల కోసం తిరగాల్సి వచ్చేది. 2017 సవరణతో ఆ బాధ తప్పింది. అడవిలో పెరిగే వెదురుకు మాత్రం పాత నిబంధనలే.

అయితే త్రిపురలో అగరుబత్తి పుల్లల తయారీని కుంగదీసింది అనుమతుల గొడవ ఒక్కటే కాదు. వియత్నాం, చైనాల నుంచి చౌక పుల్లలు వచ్చిపడ్డాయి. కేంద్రం 2019లో అగరుబత్తుల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది, 2020లో వెదురు పుల్లలపై సుంకాన్ని 10 నుంచి 25 శాతానికి పెంచింది. స్థానిక తయారీదారులకు పోటీలో నిలిచే వీలు అప్పుడు కలిగింది. నా ఉద్దేశంలో చట్ట సవరణ కంటే ఈ సుంకమే వాళ్లకు ఎక్కువ అక్కరకొచ్చింది.