మేడ మీద ప్లాస్టర్ శిల్పాలు, చెన్నైలో సోలో ఎగ్జిబిషన్: అబ్బాయికి డబ్బు ఇవ్వాలా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అబ్బాయికి 23 ఏళ్లు. బీఎఫ్‌ఏలో శిల్పం తీసుకుని ఈ ఏడాదే పూర్తి చేశాడు. డిసెంబరులో చెన్నైలో సోలో ఎగ్జిబిషన్ పెడతానంటున్నాడు. మేడ మీద గదిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పదిహేను శిల్పాలు పోత పోస్తాడట, లక్షన్నర కావాలట. చుట్టాలు ఆ డబ్బుతో బీఈడీ చేయించమంటున్నారు. వినాయకుడి బొమ్మలకే ప్లాస్టర్ వద్దంటుంటే దాంతో శిల్పాలేమిటని మావారి కోపం. పైగా మా అత్తగారి చేతులకు అచ్చు తీస్తాడట, అది ఇంకో భయం. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: ముందు మీవారి కోపం సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు నీళ్లలో నిమజ్జనం చేసే విగ్రహాల గురించినవి. గదిలో పీట మీద నిలబెట్టే శిల్పానికి వాటితో పేచీ లేదు. ప్లాస్టర్ తక్కువ రకం సరుకేమీ కాదు. కంచు విగ్రహాలు పోసే శిల్పుల్లో చాలామంది కూడా మట్టిలో చేసినదాన్ని ముందు ప్లాస్టర్‌లోకే తెచ్చుకుంటారు.

డబ్బు ఇవ్వండి. కానీ ఒకేసారి చేతిలో పెట్టకండి. పదిహేను శిల్పాలను ఏడుకు తగ్గించమనండి, డిసెంబరును ఫిబ్రవరి చివరికో మార్చికో జరపమనండి. ఇది అబ్బాయి మీద అనుమానంతో చెబుతున్నది కాదు, ప్లాస్టర్ లెక్క అలా ఉంటుంది.

అసలు మనిషి కొలతలో, భుజాల దాకా ఉన్న తల ఒకటి తీసుకుందాం. లోపల బోలుగా, రెండు సెంటీమీటర్ల మందంతో పోస్తే దాదాపు 12 కిలోల పొడి పడుతుంది. వంద పాళ్ల పొడికి 65 పాళ్ల నీళ్లు, తూకంలో. అంటే ఎనిమిది లీటర్లకు కాస్త తక్కువ. ఆ నీళ్లలో ప్లాస్టర్ గట్టిపడటానికి నిజంగా వాడుకునేది రెండు లీటర్ల పైచిలుకే. మిగతా అయిదున్నర లీటర్లు శిల్పం ఒంట్లోనే ఉండి, మెల్లగా ఆవిరై పోవాలి. పోసిన రోజు 20 కిలోలున్న తల పూర్తిగా ఆరాక 14 కిలోల దగ్గర ఆగుతుంది. రోజూ తూకం వేసి గోడ మీద రాసుకోవాలి. రెండు మూడు రోజులు వరుసగా ఒకే అంకె వచ్చిందంటే ఆరినట్టు. పైన వేలు పెట్టి చూసి ఆరిందనుకోవడం పొరపాటు, లోపల చెమ్మ అలాగే ఉంటుంది.

ఇప్పుడు చిత్తూరు, తిరుపతి వాతావరణం తలుచుకోండి. మన వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. డిసెంబరు ప్రదర్శనకు అక్టోబరు, నవంబరుల్లో పోత పోయాలి. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు ఎండాకాలంలో వారం పది రోజుల్లో ఆరే తల నెలైనా ఆరదు. తడి శిల్పాన్ని ప్లాస్టిక్ కవరు చుట్టి పెట్టెలో పెడితే చెన్నైలో తెరిచేసరికి నల్లటి బూజు చుక్కలుంటాయి. తొందరపడి హీటరు ముందు పెట్టడం ఇంకా నష్టం. 45 డిగ్రీలు దాటిన వేడిలో అదే పనిగా ఉంచితే గట్టిపడిన ప్లాస్టర్ మళ్లీ నీరు వదిలేసి సుద్దలా రాలుతుంది. ఫ్యాను, కిటికీ చాలు. కింద రెండు చెక్కలు పెట్టి అడుగుకు కూడా గాలి తగలనివ్వాలి.

అందుకని వానల్లో మట్టి పని, మూసల పని పెట్టుకోమనండి. మట్టికి తడి మంచిదే. పోతలు సంక్రాంతి తర్వాత మొదలుపెట్టాలి. బంకమట్టి కోసం ఎక్కడెక్కడికో పోనక్కర్లేదు, పలమనేరు వైపు టెర్రకోట చేసేవాళ్లను అడిగితే దారి దొరుకుతుంది. వాడిన మట్టిని నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

ఎక్కువ మంది పిల్లలు తప్పు చేసేది మూస దగ్గర. శిల్పం మీదున్న ధ్యాస మూస మీద ఉండదు. చవకైన పద్ధతి ఒక్కసారికే పనికొచ్చే ప్లాస్టర్ మూస. మట్టి బొమ్మ మీద మొదటి పూత అర సెంటీమీటరు మందం, నీళ్లలో బట్టల నీలం కలిపి వేస్తారు. దాని మీద పలుచగా మట్టినీళ్లు రాసి, పైన రెండు మూడు సెంటీమీటర్ల తెల్ల పూత వేసి, గోనెపట్ట ముక్కలతో బలం ఇస్తారు. మట్టి తీసేసి లోపల కడిగి, సబ్బు ద్రావణం మూడుసార్లు పట్టించి, నూనె చేత్తో తుడిచి, పోత పోస్తారు. మర్నాడు ఉలి, సుత్తితో మూసను పగలగొట్టుకుంటూ వెళ్లాలి. నీలిరంగు కనబడగానే చేయి నెమ్మదించాలి, దాని కిందే ముక్కు ఉంటుంది. నీలం పూత ఎందుకో తెలియక మానేసినవాళ్లు చెవులు, ముక్కులు విరగ్గొట్టుకుంటారు. సబ్బు సరిగా పట్టించకపోతే మూసా పోతా ఒకే రాయైపోతాయి. మూస పగిలిపోయింది, మట్టి ముందే తీసేశారు, పోత కూడా పాడైతే చేతిలో ఏమీ మిగలదు. ఈ ప్రమాదాన్ని పదిహేనుసార్లు నెత్తికెత్తుకోవడం ఎందుకన్నదే నా ఉద్దేశం.

రెండో దారి సిలికాన్ రబ్బరు మూస. పైన చెప్పిన తలకు ఆరు మిల్లీమీటర్ల పొరకు నాలుగైదు కిలోలు పడుతుంది, దాన్ని పట్టి ఉంచడానికి బయట ప్లాస్టర్ గుల్ల. కిలో ప్లాస్టర్ పదుల రూపాయల్లో ఉంటే సిలికాన్ వందల్లో ఉంటుంది, మేలు రకమైతే వెయ్యి దాటుతుంది. కానీ జాగ్రత్తగా వాడితే ఇరవై పోతలకు తక్కువ కాకుండా వస్తుంది. ఒక చిక్కుంది: ప్లాటినం రకం సిలికాన్ గంధకం తగిలితే గట్టిపడదు. కొన్ని మోడలింగ్ క్లేలలో గంధకం ఉంటుంది, వాటి మీద పోస్తే ముట్టుకునే చోట జిగురుగా ఉండిపోతుంది. ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి, లేదా టిన్ రకం కొనుక్కోవాలి.

ఏడు శిల్పాల్లో అమ్ముడుపోతాయని నమ్మకమున్న రెండు మూడింటికి సిలికాన్, మిగతావాటికి ఒక్కసారి మూస. ఇది డబ్బుకు సంబంధించిన మాట కూడా. ప్రదర్శన అయ్యాక శిల్పాలు అమ్ముడుపోవచ్చు, పోకపోవచ్చు, మూస మాత్రం మీ ఇంట్లో ఉంటుంది. అయిదు ప్రతులే తీస్తానని ముందే రాసి, 1/5, 2/5 అని అంకెలు వేసి అమ్మవచ్చు. ఎవరైనా కంచులో కావాలంటే అదే మూసలో మైనం ప్రతి తీసి పోత పోసేవాళ్లకు ఇవ్వవచ్చు. అన్నట్టు మాటంటే మాటే, ఆరో ప్రతి తీయకూడదు.

పొడి కొనే దగ్గర కూడా మెలకువ ఉండాలి. మన ఊళ్లలో సీలింగ్ పనికి అమ్మే బస్తాలే శిల్పానికీ వాడతారు. బస్తా పాతదైతే గాలిలో తేమ తాగి చచ్చి ఉంటుంది. గుప్పెడు కలిపి చూడాలి: అరగంటలో వేడెక్కి గట్టిపడాలి, గోరు గీస్తే గాడి లోతుగా పడకూడదు. కలిపేటప్పుడు పొడిలో నీళ్లు కాదు, నీళ్లలో పొడి చల్లాలి. అది పైకి దీవుల్లా తేలి మెల్లగా మునిగాక, రెండు నిమిషాలు ఆగి, చేయి అడుగునే ఉంచి బుడగలు రాకుండా కలపాలి. మామూలు రకమైతే పోయడానికి ఎనిమిది పది నిమిషాలే టైము. చిక్కబడ్డాక ఇంకాసిని నీళ్లు పోసి పలుచన చేయడం ఈ పనిలో పెద్ద పాపం. అప్పటికి పట్టుకుంటున్న స్ఫటికాలు తెగిపోతాయి, శిల్పం పొడిపొడిగా మిగులుతుంది. నిన్నటి ముక్కలు అంటుకున్న బకెట్లో కలిపితే చూస్తుండగానే బిగుసుకుపోతుంది, పాత స్ఫటికాలు విత్తనాల్లా పనిచేస్తాయి. ఆ బకెట్టును మేడ మీద తూము దగ్గర కడగనివ్వకండి. ప్లాస్టర్ నీళ్ల కింద కూడా గట్టిపడుతుంది, పైపు పగలగొట్టాల్సి వస్తుంది. డ్రమ్ములో కడిగి, తేరిన నీళ్లు పారబోసి, అడుగున మిగిలింది చెత్తలో వేయాలి.

మెడ, చాచిన చేయి లాంటి చోట్ల బలానికి కొబ్బరి పీచు, లోపల కడ్డీ పెడతారు. మామూలు ఇనుప కడ్డీ పెడితే తుప్పు పట్టి, నెలల తర్వాత పసుపు మరకలై బయటికి వస్తుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. జింకు పూత కడ్డీ వాడాలి, లేదా ఇనుముకు రెండుసార్లు లక్క వార్నిష్ వేయాలి. ముక్కు, గడ్డం మీద గాలి గుంటలు రాకూడదంటే మొదటి పలుచటి పొరను కుంచెతో అద్దాలి, పోసేస్తే గాలి అక్కడే ఇరుక్కుంటుంది.

లక్షన్నరను నేనైతే ఇలా విడగొడతాను. మూసలకు 40 వేలు. ప్లాస్టర్, మట్టి, కడ్డీలు, పనిముట్లకు 15 వేలు. గ్యాలరీ, ఫొటోలు, చిన్న కేటలాగుకు 25 వేలు, గ్యాలరీని బట్టి ఇది మారుతుంది. చెక్క పెట్టెలు, పీటలు, టెంపో కలిపి 50 వేలు. విరిగితే మళ్లీ చేయడానికి 20 వేలు. పెట్టెలకీ బండికీ అంతా అనిపిస్తుంది గానీ, చెన్నై దాకా దాదాపు 150 కిలోమీటర్లు, ప్లాస్టర్ కుదుపుకు ఓర్చుకోదు. ప్రతి శిల్పానికీ విడి పెట్టె, బరువంతా అడుగు మీదే ఆగాలి, ముక్కుకూ చేతులకూ ఫోమ్ ఆనకూడదు. రాష్ట్రం దాటే సరుకు కాబట్టి ప్రతి శిల్పం ఫొటో, కొలత, విలువతో జాబితా బండిలో ఉండాలి. మొత్తం విలువ 50 వేలు దాటుతుందనుకుంటే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసుకునే జీఎస్టీ పత్రం) అవసరమో కాదో ఆడిటర్‌ను అడగండి.

మొదట పదిహేను వేలే ఇవ్వండి. దాంతో ఒక్క తల మట్టి నుంచి ఆరిన పోత దాకా పూర్తి చేసి, తూకాల చీటీతో సహా చూపించమనండి. అది నిలబడితే రెండో విడత ఇవ్వండి. నిలబడకపోతే ఎందుకు పోయిందో అబ్బాయి చెప్పగలిగినా సరే, ఇవ్వండి. చెప్పలేకపోతే ఒక ఏడాది ఎవరి శిల్పశాలలోనైనా మూసల పని చేయించడం మేలు.

గ్యాలరీ విషయానికొస్తే, చెన్నైలో గ్రీమ్స్ రోడ్డులోని లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రానికి నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. 1966లో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామంలోనూ ప్రదర్శనశాల ఉంది. తెల్ల ప్లాస్టర్ తెల్ల గోడ ముందు కనబడకుండా పోతుంది. ఎదురుగా కాకుండా పక్క నుంచి వెలుగు పడాలి, వీలైతే వెనక బూడిద రంగు గుడ్డ. ఈ మాట గ్యాలరీ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి.

ఇక బీఈడీ. శిల్పం చదివినవాడికి సూటైన మెట్టు అది కాదు. కాలేజీలో పాఠం చెప్పాలంటే ఎంఎఫ్‌ఏ (లలిత కళల్లో పీజీ), ఆపైన అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో విజువల్ ఆర్ట్స్. ఎంఎఫ్‌ఏ ఇంటర్వ్యూల్లో సొంత పని చూస్తారు, కాబట్టి ఈ ప్రదర్శన అటూ పనికొస్తుంది. ప్రతి దశనూ తేదీతో ఫొటో తీసుకోమనండి. 1877లో ఫ్రెంచి శిల్పి రోదాన్ తన శిల్పాన్ని బతికున్న మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడన్న నింద మోశాడు, ఫొటోలు చూపించి వాదించుకోవాల్సి వచ్చింది. మీ అబ్బాయి వయసుకు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ కూడా ఉంది: 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకు నెలకు 5 వేల చొప్పున రెండేళ్లు. ప్రకటన పడినప్పుడు వదలొద్దు. మన వైపే పని కావాలంటే తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాల ఉంది. అక్కడ రాతి, లోహ, సుధా (గారతో చేసే) శిల్పాలు నేర్పుతారు. ఆలయ గోపురాల బొమ్మలు చేసే సుధా పని వచ్చిన చేతికి ప్లాస్టర్ చేయి తోడైతే మన జిల్లాల్లో పని దొరక్కపోదు.

చివరిగా మీ అత్తగారి చేతులు. మీ భయం నిజమే. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు మందంగా ఉన్నచోట 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అప్పటికి చేయి బయటికి తీయడానికి రాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఆర్ట్ క్లాసులో చేతులు ప్లాస్టర్ బకెట్లో పెట్టిన 16 ఏళ్ల అమ్మాయి వేళ్లు చాలావరకు పోగొట్టుకుంది. చేతికి నేరుగా ప్లాస్టర్ తగలనివ్వకండి. పళ్ల డాక్టర్లు అచ్చు తీసే ఆల్జినేట్ వాడమనండి, అది వేడెక్కదు. రెండు చేతులు పట్టే పాత్రకు అర కిలోకు పైనే పడుతుంది, నీళ్ల కొలత పాకెట్ మీద ఉంటుంది. చల్లటి నీళ్లతో కలిపితే కాస్త ఎక్కువ టైము దొరుకుతుంది. పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతుల కింద దిండు పెట్టి, గాజులూ ఉంగరాలూ ముందే తీయించండి. చేతులు బయటికి తీశాక ఆల్జినేట్ ఎండి కుంచించుకుపోతుంది, గంటలోపే అందులో ప్లాస్టర్ పోసేయాలి.