నీళ్లకు వెలుతురు ఎక్కడినుంచి వస్తుందో చూడు, పాపా

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

పాపా,

తూపిలిపాళెం సముద్రతీరంలో తీసిన ఫొటోల్లో పన్నెండు ఏరి ప్రదర్శన పెడుతున్నావని మీ నాయన చెప్పినాడు. నెలకో ఆదివారం కుర్ర ఫొటోగ్రాఫర్లను కూర్చోబెట్టి వాళ్లు తెచ్చే సముద్రం ఫొటోల మంచిచెడ్డలు మాట్లాడిస్తావట. వింటూనే గుండె నిండింది. ఆ రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఫొటో దిద్దేటప్పుడు తొందరపడతావని ఒక భయం. మొదటిసారి ఫొటో పట్టుకొచ్చిన పిల్లోడి మీద పదునైన మాట జారతావని ఇంకొకటి. సముద్రంతో ఒక భయం ఉంది, అది చివర రాస్తాను.

తెలిసినవి ముందు అనేస్తాను. రా ఫైల్‌లోనే (కెమెరా తనంతట దిద్దకుండా ఉంచే ఫైల్) తియ్యి. అసలు ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాల. సాయంత్రం దిద్దిన ఫొటోను పొద్దున ఇంకోసారి చూడకుండా ఎవరికీ పంపొద్దు.

సముద్రమూ ఆకాశమూ కలిసే హొరైజన్ గీత విషయంలో వరస తప్పొద్దు. వెడల్పు లెన్సు ఆ గీతను విల్లు మాదిరి వంచుతుంది, ఫ్రేములో పైకి పోయేకొద్దీ ఇంకా ఎక్కువ. అందుకే ముందు సాఫ్ట్‌వేర్‌లో ఆ లెన్సు వంపును దిద్దే లెన్స్ ప్రొఫైల్ వేసి వంపు తీసెయ్యి, ఆ తర్వాతే గీతను సరిచెయ్యి. వంపు ఉండగానే సరిచేస్తే ఒక చివర తేలి రెండో చివర మునుగుతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటోలో ఒక్క డిగ్రీ వాలితే ఆ చివరకూ ఈ చివరకూ 105 పిక్సెళ్ల తేడా వస్తుంది. అర డిగ్రీ అయితే 52. కొండ వాలితే కన్ను సర్దుకుంటుంది, సముద్రం వాలితే నీళ్లు ఒలికిపోతున్నట్టే ఉంటుంది.

కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ మీది దుమ్ము, లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 16 దగ్గర ఆకాశంలో బూడిద చుక్కలుగా బయటపడుతుంది. ఎఫ్ 8, ఎఫ్ 11 మధ్య తీస్తే సగం బాధ తగ్గుతుంది. మిగతాది 100 శాతం పెద్దది చేసి, ఒక మూల నుంచి వరసగా, పొలం దున్నినట్టు చూసుకుంటా రా. లెన్సు మీద పడిన ఉప్పునీటి తుంపర వేరు. అది పెద్ద మసక మరక అవుతుంది, దిద్దినా పోదు. ఆ ఫొటో పక్కన పెట్టెయ్యి.

రంగుల వెచ్చదనాన్ని సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే తెల్లవారుజామున ఉండే వెచ్చదనాన్ని కెమెరా తప్పనుకొని తుడిచేస్తుంది. 5200 నుంచి 5500 కెల్విన్ మధ్య మొదలుపెట్టు. పొద్దు పొడవక ముందు నురగ నీలంగానే ఉంటుంది, దాన్ని మల్లెపువ్వు చెయ్యాలని చూడొద్దు. వానల తర్వాత ఆ తీరంలో నీళ్లు మట్టిరంగులో ఉంటాయి. స్వర్ణముఖి మన పక్కనుంచే పోయి ఆ వైపే బంగాళాఖాతంలో కలుస్తుంది గదా, ఆ మట్టిలో మన మట్టీ ఉంది. నీలం స్లైడర్ లాగి దాన్ని సిరా చేస్తే అది ఏ ఊరి సముద్రమో చెప్పలేం.

ఇప్పుడు అసలు సంగతి. డార్క్‌రూమ్ రోజుల్లో నేను చేసిన తప్పును ఇప్పటి పిల్లలు ఒక్క వేలితో చేస్తున్నారు. అల వెనక్కి పోయి తడి ఇసుక అద్దంలా మెరుస్తున్న నెగటివ్ అది. ప్రింట్ కాగితం మీద వెలుతురు ఎంత ఎక్కువ పడితే అంత నల్లబడుతుంది. కింది భాగానికి 12 సెకన్ల వెలుతురు సరిపోయింది. ఆకాశం వెలవెలబోతుంటే, కింద అట్టముక్క అడ్డం పెట్టి పైభాగానికి ఇంకో 20 సెకన్లు ఇచ్చినాను. మబ్బులు బరువుగా, అందంగా దిగినాయి. చూసిన వాళ్లందరూ బాగుందన్నారు, ఎవరూ దాని ముందు నిలబడలేదు. లోపం ఎక్కడుందో నెలలపాటు నాకు దొరకలేదు. ఒకనాడు ప్రింట్‌ను తలకిందులుగా పెట్టి చూస్తే అంతా సరిపోయినట్టు కనిపించింది. ఇసుక ఆకాశంలాగా, ఆకాశం నేలలాగా ఉంది. తప్పు అక్కడే ఉంది.

తడి ఇసుకకు సొంత వెలుతురు లేదు పాపా. ఆకాశం ఇచ్చిందే తిరిగి ఇస్తుంది, అదీ కొంత మింగి ఇస్తుంది. దూరాన, చూపు నీళ్ల మీద వాలుగా పోయే చోట, దాదాపు అంతా తిప్పి పంపుతుంది. నీ కాళ్ల దగ్గర, నేరుగా కిందికి చూసే చోట, నూటికి రెండు వంతులు మాత్రమే పంపుతుంది. అందుకే కాళ్ల దగ్గర ఇసుక రంగు కనబడుతుంది, దూరంగా ఆకాశం రంగు కనబడుతుంది. ఆకాశాన్ని మాత్రం నల్లబరిచి ఇసుకను అట్లే వదిలితే, అద్దంలోని బొమ్మ అసలు మనిషి కంటే తెల్లగా ఉన్నట్టు అవుతుంది. చూసేవాళ్లకు కారణం తెలియదు, మనసు మాత్రం ఒప్పదు.

కొలిచి చూసుకో. హొరైజన్‌కు వేలెడు పైన ఆకాశంలో ఒక చోటు, అంతే కింద నిలకడగా ఉన్న తడి ఇసుక మీద ఇంకో చోటు, రెండిటి మీదా కర్సర్ పెట్టి సాఫ్ట్‌వేర్ చూపే వెలుగు అంకెలు చదువు. కదిలే అలల మీద ఈ కొలత పనికిరాదు, అల ముఖం వాలి ఆకాశంలో ఇంకెక్కడి వెలుతురో పట్టుకొస్తుంది. పైన 70 శాతం ఉంటే కింద 70 గానీ, అంతకు తక్కువ గానీ ఉండాల. కింద 80 వచ్చిందంటే, ఆకాశానికి మెల్లమెల్లగా నలుపు పరిచే గ్రేడియంట్ ఎక్కువ లాగినావు. దాన్ని ఒకటిన్నర స్టాప్ నుంచి అర స్టాప్‌కు (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించు, అంచును వెడల్పు చెయ్యి, ముందున్న ఇసుకకు కూడా ఇంకో గ్రేడియంట్‌తో పావు స్టాప్ తగ్గించు. ఆకాశంలోకి పొడుచుకొచ్చిన పడవ ముక్కు మీద, సరుగుడు చెట్ల తలల మీద ఆ నలుపు పడి ఉంటే మాస్క్‌లో (నలుపు ఎక్కడ పడాలో గీసే పొరలో) చెరిపెయ్యి. సగం నల్లబడిన సరుగుడు చెట్టు నీ చేతి పనిని దూరం నుంచే చెప్పేస్తుంది.

ఒక మినహాయింపు ఉంది, దాన్ని తప్పనుకొని పిల్లల్ని కోప్పడొద్దు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో హొరైజన్ మీద వానమబ్బు నల్లగా కమ్మి, నెత్తిన తెరిపి ఉంటుంది. కాళ్ల దగ్గరి నీళ్లు ఫ్రేములో లేని ఆ పై ఆకాశాన్ని చూపిస్తాయి. అప్పుడు నీళ్లు మబ్బు కంటే వెలుగుగా ఉండటం నిజమే. నురగ కూడా అంతే, అది అద్దం కాదు, అన్ని వైపుల వెలుతురునూ చెదరగొట్టే తెలుపు. ఫొటో తీసిన పూట ఆకాశం ఎట్లుందో అడిగి తెలుసుకున్నాకే తప్పు పట్టు.

పోయిన నెల నువ్వు ఫోన్‌కు పంపిన ఫొటో చూసి కోపం వచ్చింది, చెప్పకుండా దాచుకున్నాను. హొరైజన్ మీద దారప్పోగు మందాన తెల్లటి పట్టీ ఉంది. అంచులు పదునుచేసే క్లారిటీ, మసక తీసే డీహేజ్, నీడలు తెరిచే షాడోస్, ఈ మూడు స్లైడర్లూ కలిపి లాగితే అదే వస్తుంది. చీకటి నీళ్లూ వెలుగు ఆకాశమూ కలిసే చోట సాఫ్ట్‌వేర్ ఆ తేడాను పెంచబోయి అంచున తెల్లగా చిమ్ముతుంది. డీహేజ్ మొత్తం ఫొటోకు వెయ్యొద్దు. దూరాన ఉండే మసక, సముద్రం ఎంత దూరముందో చెప్పే కొలబద్ద. అది తీసేస్తే దూరం పోతుంది. నీ చూపు మంచిది, ఆ పడవను ఆ మూలన పెట్టాలని నాకు తోచేది కాదు. అందుకే ఆ పట్టీ చూసి అంత బాధపడినాను.

నారింజ రంగు కూడా జాగ్రత్త. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచితే ముందు ఎరుపు ఛానల్ తన చివరి అంకె 255 తాకి ఆగిపోతుంది, సూర్యుడి చుట్టూ మెల్లగా పల్చబడాల్సిన రంగు పట్టీలు పట్టీలుగా విరుగుతుంది. సూర్యబింబం తెల్లగా పోయినా ఫరవాలేదు. దాని చుట్టూ ఉన్న వలయం పోకూడదు. వెలుగుల పంపకం చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్‌లో మూడు రంగులూ విడివిడిగా చూడు.

వేరే ఆకాశం అతికించిన ఫొటోలు నీ ముందుకు తప్పకుండా వస్తాయి. సూర్యబింబం కొలిస్తే పట్టుబడతాయి. సెన్సార్ మీద సూర్యుడి వెడల్పు, లెన్సు ఫోకల్ లెంగ్త్‌లో (లెన్సు మీద రాసుండే మిల్లీమీటర్ల అంకె) దాదాపు 108వ వంతు ఉంటుంది. 24 మిల్లీమీటర్ల లెన్సుతో, ఫుల్ ఫ్రేమ్‌లో (36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సార్), 6000 పిక్సెళ్ల ఫొటోలో అది 37 పిక్సెళ్లే. 300 పిక్సెళ్ల సూర్యుడు కావాలంటే దాదాపు 200 మిల్లీమీటర్ల లెన్సు ఉండాల. దిక్కు కూడా చూడు. మన తీరంలో పొద్దు జూన్‌లో నడితూర్పు నుంచి 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా పొడుస్తుంది. నీడలు ఒక వైపు, సూర్యుడు ఇంకో వైపు ఉంటే, అందరి ముందూ అనొద్దు. పక్కకు పిలిచి అడుగు, అతికించినానని తనే చెప్పనీ.

మాట్లాడే పద్ధతి ఇది. ఒకసారి కూర్చుంటే పది ఫొటోలు చాలు, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు. మొదటి నిమిషం ఎవరూ నోరు తెరవకూడదు. తీసినవాడు చివర మాట్లాడాల. ముందు మిగతావాళ్లు తమకు ఏం కనబడిందో చెప్పాల, తర్వాత అతను ఏం చూపించాలనుకున్నాడో చెప్తాడు. ఆ రెండిటి మధ్య ఉన్న దూరమే మీరు మాట్లాడుకోవాల్సింది. ‘బాగుంది’ అనే మాట ఆ గదిలో వద్దు. ‘కంపోజిషన్ కుదరలేదు’ అన్నా పిల్లోడికి చెయ్యడానికి ఏమీ దొరకదు. ఫొటో మీద వేలు పెట్టి చూపించు. ‘పడవ ముక్కు సరిగ్గా హొరైజన్‌ను తాకి ఆగింది, చూపు అక్కడే ఇరుక్కుంటోంది. కెమెరా జానెడు పైకెత్తి ఉంటే ముక్కు నీళ్లలోనే ఉండేది, మోకాళ్ల మీద కూర్చొనుంటే ఆకాశంలోకి వచ్చేది’ అని చెప్పు. వచ్చే ఆదివారం వాడు వంగి తీసుకొస్తాడు. మాట తగిలి కెమెరాను బీరువాలో పెట్టేసినవాళ్లను చూసినాను, మళ్లీ తీయించడం ఎవరి వల్లా కాలేదు.

అల సాగిన తీరు మీద వాదన వస్తే షట్టర్ వేగం అడుగు. వెనక్కి పోయే నీళ్లలో గీతలు కావాలంటే పావు నుంచి అర సెకను. 30 సెకన్లు పెడితే అల ఉండదు, పొగ ఉంటుంది. లెన్సులోకి పోయే వెలుతురును తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ 1/60 సెకనును ఒక సెకను చేస్తుంది.

ప్రింట్‌కు ముందు మానిటర్ వెలుగు చదరపు మీటరుకు 100 క్యాండెలాల (తెర వెలుగు కొలత) చుట్టూ తగ్గించు. నిండుగా వెలిగే తెర మీద దిద్దినవన్నీ కాగితం మీద నల్లగా దిగుతాయి. 12×18 అంగుళాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చొప్పున 3600×5400 పిక్సెళ్లు కావాల. మొత్తం వేయించే ముందు, హొరైజన్, తడి ఇసుక రెండూ పడేట్టు 4×6 పట్టీ ఒకటి తీయించి పగటి వెలుతురులో చూడు.

ఇక సముద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారినాక ఆ తీరం మనదే అయింది గానీ, మనం కొండ కింద పెరిగినవాళ్లం, నీకు ఈత రాదు. జూన్‌లో అక్కడ పొద్దు 5:45కు పొడుస్తుంది, జనవరిలో 6:35 దాటుతుంది. అంటే చీకట్లోనే నీళ్ల అంచుకు చేరతావు. చేరినాక పది నిమిషాలు కెమెరా సంచి తెరవొద్దు, అల ఎంతవరకు ఎక్కుతోందో చూడు, తడి గీత దాటి ట్రైపాడ్ పెట్టొద్దు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి ఉన్నప్పుడు నీళ్లకు వీపు తిప్పొద్దు. వెనక్కి లాగే నీరు మోకాలి లోతులోనే మనిషిని పడేస్తుంది. ట్రైపాడ్ పడిపోతే పోనీ, దాని వెనక పోవద్దు. ఒంటరిగా అసలే పోవద్దు. బయలుదేరే ముందురోజు ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం చెప్పే కేంద్ర సంస్థ) వాళ్లు ఇచ్చే అలల హెచ్చరిక చూసుకో. తిరిగొచ్చినాక ట్రైపాడ్ కాళ్లు విప్పి మంచినీళ్లతో కడుగు, మీ అమ్మకు ఫోన్ చెయ్యి.

ప్రింట్ పట్టీలు రాగానే నాకు పంపు. తలకిందులుగా పెట్టి చూస్తాను.

మీ పెదనాయన