ఆటలొస్తే ఊరికి పేరొస్తుందా?

ప్రశ్న: ఏమండీ, 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి దక్కాయని చదివిన దగ్గర్నుంచీ మా కాలవగట్టు బ్యాచ్‌లో ఒకటే వాదన. పెద్ద స్టేడియం కట్టి పెద్ద పోటీలు పెడితే మన ఊరికీ అలాంటి పేరొస్తుందని నేనూ, డబ్బు దండగని మావాళ్లూ. ఎవరిది రైటు?
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: పేరొస్తుందండీ. కాకపోతే అది నిలుస్తుందా లేదా అన్నది పోటీలయ్యాక గేటుకి తాళం పడిందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

హైదరాబాద్‌నే చూడండి. 2002లో జాతీయ క్రీడలు, మరుసటేడు ఆఫ్రో-ఆసియన్ గేమ్స్, 2007లో ప్రపంచ మిలిటరీ గేమ్స్, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు. గచ్చిబౌలి స్టేడియానికి ఉన్నది మన బాలయోగి గారి పేరే. అయినా ఇవాళ ఆటల్లో హైదరాబాద్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది గోపీచంద్ అకాడమీ, సింధు. ఆటలు రెండు వారాల్లో అయిపోయాయి, తెల్లారకట్లే లైట్లు వెలిగే కోర్టులు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి. మీ ఊరి సాత్విక్ కూడా అక్కడికెళ్లే కదా రాటుదేలింది!

పేరు పోగొట్టుకోవడమూ ఉంది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో మనకి 101 పతకాలొచ్చాయి, కానీ జనానికి గుర్తున్నది ఆటలకి ముందు స్టేడియం పక్కన కూలిన నడక వంతెన, క్రీడాకారుల గదుల్లో కంపు ఫొటోలు, అవినీతి గొడవ. మాంట్రియల్ వాళ్లయితే 1976 ఒలింపిక్స్ స్టేడియం బాకీ 2006 దాకా తీరుస్తూనే ఉన్నారు. బార్సిలోనా తెలివిగా 1992 ఆటల వంకన సముద్రపొడ్డున ఉన్న పాత ఫ్యాక్టరీలు తీయించి బీచ్ తెరిచింది, టూరిస్టులు ఇప్పటికీ ఎగబడుతున్నారు.

ఇక మన సంగతి. కోటిపల్లి-నరసాపురం లైను స్తంభాలు గోదాట్లో నిలబడే ఉన్నాయి, రైలే ఇంకా రాలేదు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికొచ్చే జనమంటే చుట్టాలిళ్లల్లో సర్దుకుంటారు, టీములకి చుట్టాలుండరుగా! స్టేడియం మాట పక్కనపెట్టి, ఎత్తయిన కప్పుతో నాలుగు కోర్టుల హాలు, జీతం నెలనెలా అందే కోచ్ కావాలని అడగండి (మన గాలికి ఆరుబయట షటిల్ ఆడితే అది పక్క కొబ్బరితోటలో తేలుతుంది). ఏటా ఫిబ్రవరిలో ఒక్క రాష్ట్రస్థాయి టోర్నీ, అదే తేదీల్లో, అంపైర్ల డబ్బులు ఎగ్గొట్టకుండా, బాత్రూముల్లో నీళ్లొచ్చేలా నడిపితే చాలు, వచ్చిన టీములే పది ఊళ్లలో చెబుతాయి. భోజనాల గురించి గోదావరోళ్లకి నేను చెప్పేదేముంది? ఎవరైనా పులస అడిగితే మాత్రం వానాకాలం రమ్మనండి.